సెట్టు కొనడానికి డబ్బులుంటాయి, యాంటెనా సరిగ్గా బిగించడానికి ఉండవా?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

నేను గాజువాకలో ఉంటాను. సర్వీసంతా రేడియో సెట్ల మీదే గడిచింది, ఎక్కువగా విమానాల పని, రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక బండ్లకీ బోట్లకీ వైర్‌లెస్ సెట్లు బిగించి పెడుతుంటాను. షాపంటూ ఏం లేదు, ఇంటి వరండాలో ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, ఒక మీటరు, అంతే. తుపాన్ల సీజన్ దగ్గర పడితే చాలు ఏ డిపార్ట్‌మెంట్ ఎన్ని వాకీటాకీలు సిద్ధం చేసిందో, ఎన్ని బండ్లకి కొత్త సెట్లు పెట్టిందో పేపర్లలో ఫొటోలతో వస్తుంది, మంచిదే, కాదనను. కానీ ఆ ఫొటోల్లో అందరూ సెట్టు పట్టుకుని నిలబడతారు గానీ దానికి యాంటెనా ఎక్కడ బిగించారు, ఎవరు బిగించారు, బిగించాక మీటరు పెట్టి చూశారా లేదా అని అడిగినవాడు ఇంతవరకు నాకు కనబడలేదు. ఎంత ఖరీదైన సెట్టయినా సరే పైనున్న ఆ మూరెడు కడ్డీ సరిగ్గా లేకపోతే అది ఉత్త డబ్బా. విమానానికి యాంటెనా బిగిస్తే కొలుస్తారు, కాగితం మీద రాస్తారు, లైసెన్స్ ఉన్న మనిషి సంతకం పెడతాడు. మన అంబులెన్సుకీ, బోటుకీ, తుపాను డ్యూటీ జీపుకీ అందులో పదో వంతు పద్ధతి కూడా లేదు, ఆ బాధతోనే ఈ ఉత్తరం.

ఫిషింగ్ హార్బర్లో ఈమధ్య చూసింది చెప్తాను. తెలిసిన సరంగు, అంటే బోటు నడిపే ఆయన, ఒకాయన పిలిచాడు. "ఏటండీ గురువుగారూ, సెట్టు కొత్తదే, పాతిక వాట్లంట, జెట్టీ దాటితే పక్క బోటోడికి కూడా ఇనబడ్డం లేదు, కంపెనీకి పంపించీమంటారా" అన్నాడు. సెట్టు సంగతి తర్వాత చూద్దాం బాబూ అని వీల్‌హౌస్ (బోటు నడిపే గది) కప్పెక్కి యాంటెనా అడుగున చుట్టిన నల్ల టేపు విప్పితే లోపల్నుంచి నీళ్ళు కారాయండి, కనెక్టర్ విప్పితే లోపలంతా సున్నం పూసినట్టు తెల్ల పొడి. కేబుల్ చూస్తే టీవీ డిష్‌కి వేసే కేబుల్. ఎవరేశారయ్యా ఇది అంటే సెట్టు అమ్మిన షాపువాడు కుర్రాడిని పంపించాడు, వాడి బ్యాగులో ఏదుంటే అది వేసి పోయాడు అన్నాడు. చాకుతో ఒక అడుగు మేర పైతోలు ఒలిచి చూశాను, లోపల సన్న తీగలతో చుట్టిన అల్లిక మొత్తం పొడిపొడిగా రాలిపోతోంది. ఇంకో అడుగు, అదీ అంతే. నీళ్ళు ఒకసారి అల్లికలోకి దిగాయంటే లోపల్లోపలే పాక్కుంటూ పోతాయి, పైన చూస్తే కేబుల్ కొత్తదిలా నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా ఫీల్డులో వాళ్ళే తప్పు కారణం చెప్తుంటారు. టీవీ కేబుల్ 75 ఓమ్‌లు, సెట్టుకి కావాల్సింది 50 ఓమ్‌లు, అందుకే సెట్టు కాలిపోతుంది అని భయపెడతారు. లెక్క ప్రకారం చూస్తే 75 ని 50 తో భాగిస్తే ఒకటిన్నర, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి తన్నుతుందో చెప్పే కొలత, 1 ఉంటే ఏమీ తన్నదు) 1.5, దానికి ఆ అతుకు దగ్గర వెనక్కి తిరిగొచ్చే పవర్ 4 శాతం, దాంతోనే సెట్టు కాలిపోదు. అసలు జబ్బు వేరే. చవక టీవీ కేబుల్లో అల్లిక రాగి కాదు, అల్యూమినియం, పైగా పల్చగా ఉంటుంది. దానికి మామూలు సోల్డర్ పట్టదు, కాబట్టి కుర్రాడు మెలిపెట్టి కనెక్టర్లోకి కుక్కుతాడు, మన ఉప్పుగాలికి ఆ మెలి ఎన్నాళ్ళుంటుంది? తుప్పు పట్టి కాంటాక్ట్ పోయాక ఎస్‌డబ్ల్యూఆర్ 3 కి పోతే నాలుగో వంతు పవర్ వెనక్కి తన్నుతుంది, ఈ కాలం సెట్లు చాలావరకు అది గమనించి తమని తాము కాపాడుకోడానికి పవర్ తగ్గించేసుకుంటాయి, సరంగుకి మాత్రం డిస్‌ప్లే మీద అంతా బాగున్నట్టే కనబడుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, మాట మాత్రం పోదు.

సరైన కేబుల్ వేసినా పొడుగు చూసుకోవాలి. ఆర్‌జీ-58 అని సన్న కేబుల్ ఉంటుంది, కార్లకి అదే వేస్తారు, నాలుగైదు మీటర్లకి పర్వాలేదు. అదే బోటు మీద కిందనుంచి మాస్ట్ (బోటు మీద నిలువు స్తంభం) చివరిదాకా 15 మీటర్లు లాగితే వీహెచ్‌ఎఫ్ (బోట్ల సెట్లు పని చేసే ఫ్రీక్వెన్సీల వరస) మీద దాదాపు సగం పవర్ కేబుల్లోనే వేడైపోతుంది. పాతిక వాట్ల సెట్టుకి డబ్బులిచ్చి పన్నెండు వాట్లు వాడుకోవడం అన్నమాట. లావు కేబుల్, ఆర్‌జీ-213 వేస్తే అదే దూరానికి 18 వాట్ల దాకా పైకి చేరుతుంది. కేబుల్ రేటులో తేడా ఉంటుంది, కానీ ఒక్క ట్రిప్పు డీజిల్ ఖర్చు ముందు అదెంతండీ. వినేటప్పుడూ అదే నష్టం, అవతలివాడి మాట కూడా సగానికి సగం తగ్గి వస్తుంది, అది చాలామందికి తట్టదు.

ఇంక ఎత్తు. వీహెచ్‌ఎఫ్ అంటే దాదాపు చూపు ఎంత దూరం ఆనితే అంత దూరమే, భూమి వంపు దాటి పెద్దగా పోదు. యాంటెనా ఎత్తు మీటర్లలో ఎంతో దాని వర్గమూలం తీసి 4.12 తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్లు అందుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, ఇద్దరివీ కలుపుకోవాలి. నీటిమట్టానికి 4 మీటర్ల ఎత్తులో యాంటెనా ఉన్న రెండు బోట్లు 16 కిలోమీటర్లు మాట్లాడుకుంటాయి. అదే 9 మీటర్లకి ఎత్తితే పాతిక దాకా పోతుంది. పవర్ రెట్టింపు చేసినా రాని లాభం ఒక ఇనప పైపు ముక్కతో వస్తుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో పోయే విమానానికి ఇదే లెక్క వేయండి, 412 కిలోమీటర్లు! కొద్దిపాటి వాట్లతోనే పైలట్లు అంత దూరం మాట్లాడతారంటే అది సెట్టు గొప్పా, ఎత్తు గొప్పా?

అలాగని పొడవాటి యాంటెనా కొనేసి ఎక్కువ గెయిన్ (పవర్ని ఒక వైపుకి కూడగట్టే గుణం, డీబీల్లో కొలుస్తారు) అని మురిసిపోకూడదు. 6 డీబీ గెయిన్ ఉన్న యాంటెనా దాదాపు 8 అడుగులు ఉంటుంది, అది పవర్ని పైకీ కిందకీ పోనీకుండా అడ్డంగా పల్చటి పొరలా పంపిస్తుంది, పెద్ద షిప్పుకి బాగుంటుంది. చిన్న బోటు అలల మీద అటూ ఇటూ ఒరిగినప్పుడల్లా ఆ పొర ఒకసారి ఆకాశంలోకి, ఒకసారి నీళ్ళలోకి పోయి మాట తెగి తెగి వస్తుంది, దానికి నాలుగడుగుల 3 డీబీదే మేలు. ఫైబర్ బోట్లకి ఇంకో చిక్కు ఉంది, ఆ ఫైబర్లో కరెంటు పారదు, కాబట్టి కారు యాంటెనా తెచ్చి ఫైబర్ బోటుకి పెడితే అది సగం యాంటెనాయే. బోట్లకని వేరేగా అమ్మే హాఫ్‌వేవ్ యాంటెనాలు కింద రేకు లేకపోయినా పని చేస్తాయి, అవి అడిగి తీసుకోవాలి.

సగం యాంటెనా అన్నాను కదా, బండ్ల సంగతి మొత్తం అక్కడే ఉంది. మామూలు కడ్డీ పొడుగు వేవ్‌లో నాలుగో వంతు. మెరైన్ చానల్ 16 అంటే 156.8 మెగాహెర్ట్జ్, 300 ని దాంతో భాగిస్తే వేవ్ 1.91 మీటర్లు, అందులో నాలుగో వంతు 48 సెంటీమీటర్లు, పనిలో దిగాక ఇంకో ఒకటి రెండు సెంటీమీటర్లు కోయాలి, అదే నేను ముందు మూరెడు అన్నది. మన ఎఫ్‌ఎం రెయిన్‌బో 102 మెగాహెర్ట్జ్ కాబట్టి దానికి 73 సెంటీమీటర్లు, పాత అంబాసిడర్లకీ మారుతీలకీ ఉండే లాగుడు యాంటెనా పొడుగు ఎందుకంత ఉండేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆకాశవాణి విశాఖపట్నం మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్‌కి లెక్క వేస్తే దాదాపు 81 మీటర్ల కడ్డీ కావాలి, అది కారు మీద పెట్టుకుని ఆశీల్‌మెట్ట జంక్షన్ దాటలేం గనక చిన్న ముక్క పెట్టి పక్కన ఆంప్లిఫయర్ పెడతారు, వినడానికి అది నడుస్తుంది. పంపించడానికి మాత్రం కుదరదు, పంపించే యాంటెనాకి కొలత కొలతే. ఈ కడ్డీ కింద చుట్టూ అంతే మేర, అంటే అరమీటరు అటూ ఇటూ రేకు ఉండాలి, ఆ రేకే మిగతా సగం యాంటెనా. అందుకే బండి టాప్ మీద నట్టనడుమ పెట్టిన యాంటెనా నాలుగు దిక్కులకీ సమానంగా పని చేస్తుంది, వెనక బంపర్ మీద పెట్టింది బండి ముందువైపుకి కొంచెం ఎక్కువ, వెనక్కి తక్కువ, అసలు మొత్తానికే తక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే అంబులెన్సులు చూడండి. ఒక ప్రైవేటు అంబులెన్స్ నా దగ్గరికొచ్చింది, ఎవరిదో అనవసరం. ముందు టాప్ మీద ఫైబర్ కవర్లో లైట్ బార్, నడుమ ఏసీ యూనిట్, వెనక స్ట్రెచర్ డోర్ రేకుకి క్లాంప్ పెట్టి యాంటెనా. కేబుల్ డోర్ సందులోంచి తెచ్చారు, డోర్ వేసిన ప్రతిసారీ అది నలిగి నలిగి చపాతీ అయిపోయింది, నలిగిన చోట చీలి వాన నీళ్ళు లోపలికి. ఆ డోర్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ కూడా సరిగ్గా లేదు, కీలుకి పెయింటూ గ్రీజూ. డ్రైవర్ చెప్పేదేంటంటే లైట్లు ఆపితే మాట వినిపిస్తుంది, లైట్లు వేస్తే వినబడదు, దయ్యం పట్టిందండి అన్నాడు. దయ్యం కాదు నాయనా, చవక ఎల్‌ఈడీ లైట్ బార్లో ఉండే సర్క్యూటే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ లాంటిది, గరగర మోత చేస్తుంది, యాంటెనా దానికి ఆమడ దూరంలో పెట్టలేకపోయినా కనీసం టాప్ మీద లైట్లు ఆ చివర ఉంటే యాంటెనా ఈ చివర పెట్టాలి. ఇది కనిపెట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు సెట్టు మోతని ఆపేది) తెరిచి పెట్టి ఇంజన్, ఏసీ, లైట్లు, ఫోన్ చార్జరు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే మోత ఎక్కడ పెరిగిందో చెవికే తెలుస్తుంది. ఆ పని బండి డెలివరీ ఇచ్చే రోజు ఒక్కరూ చేయరు. అవసరం పడి సైరనూ లైట్లూ వేసుకుని పోయేటప్పుడే సెట్టు చెవిటిదైపోతే అది ఉండి ఏం లాభం?

కన్నం పెడతానంటే ఓనర్లు ఏడుస్తారు, అదొకటి. "కొత్త బండండీ, టాపుకి బొక్కేంటండీ, మాగ్నెట్‌ది పెట్టీండి" అంటారు. మాగ్నెట్ యాంటెనా చెడ్డదేం కాదు, రేకు టాప్ మీద రెండ్రోజుల డ్యూటీకి బాగానే పని చేస్తుంది, పెయింట్ అడ్డమున్నా కింద రేకు దానికి పనికొస్తుంది. కానీ నెలల తరబడి అక్కడే వదిలేస్తే దాని కింద ఉప్పు దుమ్ము చేరి పెయింట్ గీరుకుపోయి గుండ్రంగా తుప్పు మచ్చ వస్తుంది, ఆ తుప్పే రేపు కన్నమవుతుంది. అల్యూమినియం బాడీ బస్సుకి మాగ్నెట్ అసలు అంటుకోదు, ఫైబర్ టాప్‌కీ అంటుకోదు, అప్పుడు డబుల్ టేపు వేసి అంటించినవాళ్ళని కూడా చూశాను, దండం పెట్టి వచ్చేశాను. సరిగ్గా ముప్పావు అంగుళం కన్నం కొట్టి, అంచులు రాపి, లోపలివైపు పెయింట్ గీకి మెరిసే రేకు తేల్చి, మౌంట్ బిగించి, చుట్టూ గ్రీజు రాసి రబ్బర్ రింగ్ కూర్చోబెడితే చుక్క నీరు దిగదు, బండి అమ్మేటప్పుడు ఒక మూత పెట్టేస్తే సరి. ఇంకోటి, కొత్త కార్లలో కిటికీల పైన లోపలివైపు కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటున్నాయి, కేబుల్ దాని మీదుగా లాగి దాచేస్తే యాక్సిడెంట్ అయినప్పుడు అది సరిగ్గా విచ్చుకోదు, స్టీరియో షాపుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

జీపీఎస్ ట్రాకర్ల పని ఇంకా అన్యాయం. ఏఐఎస్-140 రూల్ వచ్చాక 2019 నుంచి కొత్త ప్యాసింజర్ రవాణా బండ్లకి ట్రాకరూ ఎమర్జెన్సీ బటనూ ఉండాలి. ఎవరూ పీకెయ్యకుండా దాన్ని డాష్‌బోర్డ్ కింద రేకు వెనకాల దాచేస్తారు. అది ఆకాశం చూడాలండి! శాటిలైట్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలహీనంగా ఉంటుందంటే ఒక్క రేకు అడ్డమొస్తే ఖతం. బోట్ల మీద డిపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టే, బోటు ఎక్కడుందో పంపే శాటిలైట్ ట్రాన్స్‌పాండర్ల గతీ అదే, డబ్బా వీల్‌హౌస్ మీద చక్కగానే బిగిస్తారు, ఆ తర్వాత దాని మీద తడి వలలు, టార్పాలిన్, పచ్చి చేపల ట్రేలు. అది ఎందుకుందో చెప్పి పోయినవాడు ఉంటే కదా.

ఇప్పుడు విమానాల పద్ధతి చెప్తాను, పోలిక కోసమే. విమానానికి కొత్తగా ఒక్క యాంటెనా పెట్టాలన్నా ముందు ఆ మార్పుకి అప్రూవల్ ఉండాలి, మన దేశంలో డీజీసీఏ (విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ఒప్పుకున్న డ్రాయింగ్ లేకుండా ఎవరూ డ్రిల్ పట్టుకోరు. ఎందుకంటే ఆ పల్చటి అల్యూమినియం తోలే విమానానికి బలం, అందులో కన్నం పెడితే అక్కడ బలం తగ్గి పగుళ్ళు పుట్టొచ్చు, అందుకని లోపలివైపు డబ్లర్ అని ఇంకో రేకు ముక్క కోసి రివెట్లు కొట్టి ఆ బలాన్ని తిరిగి ఇస్తారు. బయట గాలి ఒత్తిడి లెక్క వేరే, స్పీడ్ రెట్టింపైతే యాంటెనా మీద గాలి తోపు నాలుగు రెట్లవుతుంది, పైగా ఐస్ పట్టొచ్చు, వణుకు ఉంటుంది. చూడ్డానికి చిన్న చేప రెక్కలా ఉండే బ్లేడ్ యాంటెనాకి ఇంత తతంగం. బిగించే చోట పెయింట్ తీసేసి, తుప్పు పట్టకుండానే కరెంటు పోయేలా రసాయనం పూత పూసి, బిగించాక యాంటెనా అడుగుకీ విమానం ఒంటికీ మధ్య రెసిస్టెన్స్ ప్రత్యేకమైన మీటరుతో కొలుస్తాం, మామూలుగా 3 మిల్లీఓమ్‌ల లోపు రావాలి, రాకపోతే విప్పి మళ్ళీ మొదలు. ఆ తర్వాత అంచుల చుట్టూ సీలెంట్. కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ విమానాలొచ్చాక ఇంకో పని, కింద రాగి జాలీయో రేకో పరిచి ఆ మిగతా సగం యాంటెనాని మనమే తయారు చేయాలి. ఫైబర్ బోటుకున్న సమస్యే అది, విమానాలవాళ్ళు రాగి పరుస్తారు, బోట్ల దగ్గర మనం దేవుడి మీద భారం వేస్తాం.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎవరిష్టం వాళ్ళది కాదు. వీహెచ్‌ఎఫ్ యాంటెనాలు రెండుంటే సాధారణంగా ఒకటి వీపు మీద, ఒకటి పొట్ట కింద, గాల్లో ఉన్నప్పుడు కింద టవర్‌తో పొట్ట కిందది బాగా మాట్లాడుతుంది, నేల మీద మెల్లగా నడిచేటప్పుడు పైది. జీపీఎస్ యాంటెనా ఎప్పుడూ వీపు మీదే, అదీ వీహెచ్‌ఎఫ్‌కి దూరంగా, ఎందుకో తెలుసా, జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, వీహెచ్‌ఎఫ్‌లో 121.175 మీద మైకు నొక్కితే దాని పదమూడో హార్మోనిక్, అంటే పదమూడు రెట్ల ఫ్రీక్వెన్సీ, దాదాపు అక్కడే వచ్చి పడుతుంది, పదమూడు పెట్టి హెచ్చవేసి చూసుకోండి. అందుకే బిగించాక 121.150, 121.175, 121.200, ఇటు 131.250, 131.275, 131.300 మీద ఒక్కోదాని మీద మైకు నొక్కి పట్టుకుని జీపీఎస్ శాటిలైట్లు జారిపోతున్నాయా అని చూడాలి, టెస్టులో రాసి ఉంటుంది, కుర్రాడి మూడ్‌ని బట్టి కాదు. చివర్న బీ2 (విమానం రేడియో, ఎలక్ట్రానిక్స్ పనుల) లైసెన్స్ ఉన్న ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్, సంతకం పెడితే తప్ప ఆ విమానం కదలదు.

నమ్మకం లేకపోతే బీచ్ రోడ్డుకెళ్ళి టీయూ-142 విమానం చూడండి. 1988 నుంచి 2017 దాకా మన నేవీలో తిరిగి ఇప్పుడు కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా మ్యూజియంగా నిలబడి ఉంది. అందరూ ఆ జంట ప్రొపెల్లర్ల ముందు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. తల పైకెత్తి వీపు మీదా, వంగి పొట్ట కిందా చూడండి, ఎన్ని రకాల రెక్కలు, బుడిపెలు, దేని మధ్య ఎంత దూరం వదిలారో. పిల్లల్ని తీసుకెళ్తే అవి లెక్కపెట్టమనండి, ఐస్‌క్రీం అడగడం కాసేపు మర్చిపోతారు. మాట మధ్యలో మాట, విమానాలు ఇప్పటికీ పాతకాలం ఏఎం మీదే మాట్లాడతాయి, ఎఫ్‌ఎం అయితే ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలంగా ఉన్నవాడి గొంతే వినబడి రెండోవాడు ఉన్నట్టు కూడా తెలీదు, ఏఎంలో కీచుమని మోత వచ్చి ఇంకెవరో ఉన్నారని కంట్రోలర్‌కి తెలుస్తుంది, అందుకే మార్చలేదు.

సరే, ఎగిరేదానికి అంత జాగ్రత్త కావాలి గానీ రోడ్డు మీద తిరిగే బండికెందుకండీ అంటారు. నేనూ డబ్లర్లూ డీజీసీఏ సంతకాలూ అడగట్లేదు. కానీ 2014 అక్టోబర్ 12 ఈ ఊరివాళ్ళు ఎవరూ మర్చిపోలేదు, హుద్‌హుద్ దెబ్బకి సెల్ టవర్లు మూగబోయి, కరెంటు పోయి, పక్క పేటలో ఉన్న అక్కాబావల క్షేమం తెలియడానికి చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్ళాం. అలాంటి రోజు మిగిలేది వైర్‌లెస్ ఒక్కటే, ఆ రోజు హామ్ రేడియో వాళ్ళు (లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియో నడిపేవాళ్ళు) కూడా అదే పట్టుకుని నిలబడ్డారు. మామూలు రోజుల్లో దగ్గరలో రిపీటర్ (మాటని అందుకుని గట్టిగా మళ్ళీ పంపే స్టేషన్) ఉంటుంది కాబట్టి చచ్చు యాంటెనా కూడా పని చేసినట్టే కనబడుతుంది. తుపానులో రిపీటర్ పోతే, బండికి బండి నేరుగా మాట్లాడుకోవాల్సి వస్తే, అప్పుడు బయటపడుతుంది ఎవరి టాప్ మీద యాంటెనా ఉంది, ఎవరి టాప్ మీద ఉత్త కడ్డీ ఉంది అనేది. పాడేరు ఘాట్, అనంతగిరి ఘాట్ ఎక్కే అంబులెన్సులకి తుపాను కూడా అక్కర్లేదు, మలుపు తిరిగితే కొండ అడ్డం, సిగ్నల్ అంచు మీదే బతకాలి, అక్కడ కేబుల్లో పోయిన 3 డీబీ, అంటే ఆ సగం పవరే, మాట వినబడ్డానికీ వినబడకపోవడానికీ మధ్య తేడా.

నేను అడిగేది ఇదండి. గవర్నమెంట్ టెండర్లో సెట్టు మోడలూ వాట్లూ రాసినట్టే యాంటెనా ఎక్కడ బిగించాలి, ఏ కేబుల్, ఎంత పొడుగు అని కూడా రాయాలి, "సప్లై అండ్ ఫిట్టింగ్" అని ఒక్క ముక్కతో సరిపెట్టకూడదు, ఆ ఫిట్టింగ్ అనే ముక్కే చివరికి టీవీ కేబుల్ పట్టుకుని బ్యాగుతో వస్తుంది. బిగించాక కింద, నడుమ, పైన మూడు ఫ్రీక్వెన్సీల మీద ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచి, బండి నంబరుతో సహా కాగితం మీద రాసి డ్రైవర్ దగ్గర ఒక కాపీ ఉంచాలి. ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటితే తీసుకోవద్దు. ఏటా జూన్‌లో చేపల వేట నిషేధం అయిపోయి బోట్లు కదిలే ముందు ఎలాగూ పెయింట్లు వేస్తారు, ఇంజన్ చూస్తారు, వలలు బాగు చేస్తారు, అదే టైములో ఫిషరీస్ వాళ్ళు హార్బర్లో ఒక టేబుల్ వేసి మీటరు పెట్టుకుని కూర్చుంటే ఒక్కో బోటుకి పది నిమిషాల పని. పాడైన కనెక్టర్ కోసి కొత్తది సోల్డర్ చేసి, దాని మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు వేసి, కేబుల్ లోపలికి పోయే ముందు కిందకి ఒక వంపు ఇస్తే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఇవి రాకెట్లు కావు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది ఖాళీగా ఉన్నారు, ఒక వారం చూపిస్తే పట్టేస్తారు, వాళ్ళకీ నాలుగు డబ్బులు.

ఇంకో సంగతి, ఆన్‌లైన్లో దొరికే వాకీటాకీలు కొనేసి టాప్ మీద పెద్ద యాంటెనా తగిలించమని నా దగ్గరికి కుర్రాళ్ళు వస్తున్నారు, ట్రెక్కింగ్ గ్రూపులని, కార్ ర్యాలీలని. నేను పెట్టను. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చే ఫ్రీక్వెన్సీలు కొన్నే ఉన్నాయి, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ పవర్‌వి, మిగతావాటికి లైసెన్స్ కావాలి. ఎలాంటి వాకీటాకీ పడితే అది ఆన్‌లైన్లో అమ్మకూడదని 2025 లో కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది. నేవీ, పోర్టు, ఎయిర్‌పోర్టు, కోస్ట్ గార్డ్ అన్నీ ఉన్న ఊరండీ ఇది, ఎవరి చానల్ మీద పడతామో తెలీకుండా మైకు నొక్కడం సరదా కాదు. అంత ఇష్టముంటే హామ్ పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోండి, అప్పుడు రండి, యాంటెనా నేనే బిగిస్తాను, టీ కూడా ఇస్తాను.

మన సరంగు సంగతి అడుగుతారేమో, కేబుల్ మొత్తం పీకేసి లావుది వేసి, యాంటెనా మాస్ట్ మీదకి ఎత్తి, ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 కి తెచ్చి ఇచ్చాను, సెట్టు అదే సెట్టు, కంపెనీకి పంపలేదు. సముద్రంలో ఆపదొస్తే చానల్ 16, ఫోన్ అందే దూరంలో ఉంటే కోస్ట్ గార్డ్ నంబర్ 1554 అని వీల్‌హౌస్ గోడ మీద పెయింట్‌తో రాయించాను.

ఉత్తరం పొడుగైపోయింది, మీకు జాగా సరిపోదని తెలుసు. కట్ చేయాల్సొస్తే విమానాల ముచ్చట కట్ చేసుకోండి, రేడియో స్టేషన్ల లెక్కలూ తీసేయండి, టీవీ కేబుల్ సంగతీ, టెండర్లో ఏం రాయాలన్నదీ మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రేడియో టెక్నీషియన్,
గాజువాక, విశాఖపట్నం